ఎవరి నుంచి వచ్చిందని కాదు, ఎప్పుడొచ్చిందని అడగండి

నడుము కింద, నలుగురికీ చూపించుకోలేని చోట ఒక నీటి పొక్కు లేస్తే మన ఊళ్ళలో దానికి రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. ‘వేడి చేసింది’ అన్నది ఒకటి. ‘ఎక్కడ తిరిగొచ్చావు’ అన్నది రెండోది. మొదటి మాట నమ్మినవాళ్ళు సబ్జా నీళ్ళు, పలచటి మజ్జిగ, రాగి అంబలి తాగి నాలుగు రోజులు ఆగుతారు. రెండో మాట పడాల్సి వస్తుందని భయపడేవాళ్ళు కట్టుకున్న మనిషికి కూడా చెప్పరు. ఎటు చూసినా ఆ పొక్కు డాక్టరు కంట పడకుండానే పగిలి, ఎండి, మాయమవుతుంది. లోపలి జబ్బు పోయిందో, దాక్కుందో ఎవరికీ తెలియదు.

తిరుపతిలో రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మాకు మెడికల్ షాపు ఉంది. మా ఆయనా నేనూ ఇద్దరం ఫార్మసీ చదివినవాళ్ళమే. కౌంటర్ దగ్గర నేనుంటే మగవాళ్ళు ఒక దగ్గు బిళ్ళల షీటు కొనుక్కుని వెళ్ళిపోతారు, ఆయన కనిపించాక మళ్ళీ వస్తారు. ఆడవాళ్ళు ఆయన్ని చూస్తే పక్కకి జరిగి నిలబడి నా కోసం కాచుకుంటారు. ‘అక్కా, ఆడ పొక్కులు లేసిండాయి, మంటగా ఉండాది, ఏదన్నా ట్యూబు ఉంటే ఇవ్వు’ అన్న మాట గొంతు తగ్గించి చెప్పేవాళ్ళని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఏ పొక్కునీ చూసి పేరు పెట్టే అర్హత నాకు లేదు. కానీ ఇంత కాలంగా ఇద్దరం విన్నవి కలిపి చూసుకుంటే నాకొక విషయం గట్టిగా తెలిసొచ్చింది. ‘ఎవరి నుంచి’ అన్న ప్రశ్న మనుషుల్ని వైద్యానికి దూరం చేస్తోంది. పైగా చాలాసార్లు దానికి జవాబు దొరకదు, ఆ జబ్బుల తీరే అంత. ‘ఎప్పుడొచ్చింది’ అన్నదానికి జవాబు దొరుకుతుంది, దానితో పనీ జరుగుతుంది.

ముందు ఒకటి ఒప్పుకుందాం. అక్కడ లేచే ప్రతిదీ సుఖ వ్యాధి కాదు. ఆ చర్మం కూడా చర్మమే, దానికీ చెమట పోస్తుంది, దానికీ వెంట్రుక కుదుళ్ళున్నాయి, కొవ్వు గ్రంథులున్నాయి. అలిపిరి మెట్ల దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. తలస్నానం చేసి తడిబట్టలతోనే ఎక్కి దిగినవాళ్ళు తొడలు ఒరుసుకుపోయి కాలు కాలు ఎడం పెట్టుకుని మా షాపుకి వస్తారు. ఆ ఒరిపిడికీ పొక్కులు లేస్తాయి. బ్లేడుతో గొరుక్కున్నాక వెంట్రుక కుదుళ్ళు వాచి చీము తల కట్టిన గుల్లలు వస్తాయి. చర్మం మీద పసుపుపచ్చగా కనపడే చిన్న చిన్న గింజలు ఫోర్డైస్ మచ్చలు, అవి మామూలు కొవ్వు గ్రంథులు. పురుషాంగం తల చుట్టూ వరసగా ముత్యాల్లా కనిపించే బుడిపెలు కూడా ఆరోగ్యంలో భాగమే. ఫోన్లో ఏవేవో బొమ్మలు చూసి, అవి ఉన్నందుకే తనకేదో పెద్ద రోగం వచ్చిందని కుంగిపోయే కాలేజీ పిల్లలున్నారు. వయసు మీద పడ్డాక వృషణాల సంచి మీద ఎర్రగా, ఊదాగా చుక్కలు వస్తాయి. అవి ఉబ్బిన సన్న రక్తనాళాలు. గజ్జి పురుగు సోకితే అక్కడ గట్టి బొడిపెలు లేచి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద పెడుతుంది, తరచూ ఇంట్లో మిగతావాళ్ళకీ ఉంటుంది. నడి మధ్యలో చిన్న గుంట ఉండే మెరిసే బుడిపెలు మొలస్కం అనే వైరస్ జబ్బు. అది పెద్దవాళ్ళకి శారీరక సంబంధం వల్ల వస్తుంది, తువ్వాలు పంచుకున్నా వస్తుంది. ఉలిపిరికాయలు వేరు, అవి హెచ్.పి.వి. వైరస్ వల్ల వచ్చే కండ బుడిపెలు. ఆడవాళ్ళకి యోని ద్వారం పక్కన ఒకవైపు నొప్పితో ఉబ్బితే అది గ్రంథి నాళం మూసుకుపోవడం కావచ్చు. అక్కి కూడా ఒక్కోసారి పిరుదు నుంచి మర్మస్థానం దాకా ఒకే పక్కన పాకుతుంది. అక్కికి కావిమన్ను పూయించుకునే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. అలా పూయించుకునేటప్పుడు, అది వీపు మీద లేచినా తొడ మీద లేచినా, ఎవరి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అదే రకం నీటి పొక్కులు నాలుగు వేళ్ళు కిందకి జరిగితే మాత్రం మనిషి గుణం గురించి మాట్లాడతారు.

ఇక్కడ ఒక సంగతి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మందులమ్మే మనిషిగా నా కళ్ళ ముందు ఎక్కువగా జరిగేది ఇదే. కొందరికి కొన్ని మాత్రలు పడవు. ఆ పడకపోవడం ఒళ్ళంతా దద్దుర్లుగా కాకుండా ఒకే చోట, ప్రతిసారీ అదే చోట తేలుతుంది. ముందు మంట, తర్వాత ఎర్రగా గుండ్రని మచ్చ, మధ్యలో నీటి పొక్కు, అది చితికి పుండు, మానాక నల్లని మరక. పెదవి, పురుషాంగం తల, ఈ రెండూ దానికి ఇష్టమైన చోట్లు. సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు, విరేచనాలకి వేసుకునే టినిడజోల్, ఆర్నిడజోల్ రకాలు దీనికి పేరుపడ్డవి. మొదటిసారి తెలియడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, తర్వాత అదే మాత్ర పడితే గంటల్లోనే మంట మొదలవుతుంది.

చంద్రగిరి వైపు నుంచి ఒక టెంపో డ్రైవరు మా ఆయన దగ్గరకి వచ్చేవాడు. దూర ప్రయాణం వెళ్ళి వచ్చినప్పుడల్లా అక్కడ పుండు పడుతోందని, తనకి ఏదో అంటిందని, భార్యకి అంటకూడదని వసారాలో వేరుగా పడుకుంటున్నానని చెప్పాడు. అతను పరాయి మనిషి ముఖం చూసినవాడు కాదు. అయినా బయట ఎక్కడో బాత్రూముకి వెళ్ళినందుకు వచ్చిందని తనకి తానే కథ కట్టుకున్నాడు. భార్య ఇంకో కథ కట్టుకుంది. మా ఆయన అడిగింది ఒకటే. ‘అది లేచే ముందు రోజు ఏం మాత్ర వేసుకున్నావప్పా?’ దారిలో హోటల్ తిండి పడక విరేచనాలైతే వేసుకునే మాత్ర. ప్రతిసారీ అదే. చర్మ డాక్టరు చూసి మందు పడకపోవడమే అని ఖాయం చేశాడు, ఆ మందు పేరు కాగితం మీద రాసిచ్చి పర్సులో పెట్టుకోమన్నాడు. ఆ ఇంట్లో నెలల పాటు నడిచిన మౌనానికి కారణం ఒక మాత్ర. ఎవరి నుంచి అని ఆ ఇద్దరూ ఎంత తవ్వుకున్నా ఆ జవాబు బయటపడేది కాదు.

అయితే నిజంగానే హెర్పిస్ అనే వైరస్ జబ్బు అయిన సందర్భాలూ ఉంటాయి. నీటి పొక్కులు గుంపుగా, ఎర్రబారిన చర్మం మీద లేచి, లేచే ముందు చిమచిమలాడి, రెండు మూడు రోజుల్లో పగిలి పచ్చి పుండ్లయి, ఒంటేలు పోస్తే ప్రాణం పోయేంత మంట పెడితే డాక్టర్లు ముందు దాన్నే అనుమానిస్తారు. మొదటిసారి జ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళలు కడతాయి, పూర్తిగా మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ తీవ్రత ఉండదు. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. పెదవి మీద జ్వరం పొక్కులు తెచ్చేది మొదటిది, నడుము కింద ఎక్కువగా కనిపించేది రెండోది. కానీ మొదటి రకం కూడా నోటి నుంచి కిందకి చేరగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో 50 ఏళ్ళ లోపు వాళ్ళలో దాదాపు 64 శాతం మందికి మొదటి రకం ఉంది, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వాళ్ళలో 13 శాతం మందికి రెండోది ఉంది. వీళ్ళలో ఎక్కువ మందికి తమలో అది ఉన్న సంగతే తెలియదు. ఒక్క పొక్కూ లేవకపోవచ్చు, లేచినా బ్లేడు గాటు అనుకుని వదిలేసి ఉండవచ్చు.

‘ఎవరి నుంచి’ అన్న ప్రశ్న ఇక్కడే కూలిపోతుంది. వైరస్ చర్మం నుంచి నరం పట్టుకుని పైకి పాకి, వెన్నెముక అడుగున నరాల ముడుల్లో చేరి పడుకుంటుంది. ఎండిన చెరువు అడుగున గడ్డి విత్తనం వానకి కాచుకున్నట్టు ఏళ్ళకి ఏళ్ళు అక్కడే ఉండగలదు. జ్వరమో, నిద్రలేమో, నెలసరో, మనసు నలగడమో, ఏదో ఒకటి తగిలి లేస్తుంది. సోకిన 2 నుంచి 12 రోజుల్లో పొక్కులు రావచ్చు. అసలు అప్పుడు ఏమీ కనపడకుండా ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి రావచ్చు. పొక్కులు లేని రోజుల్లో కూడా వైరస్ చర్మం మీదకి వచ్చి ఎదుటివాళ్ళకి అంటగలదు. అంటే పెళ్ళయిన పదేళ్ళకి ఒకరికి పొక్కులు లేస్తే, అది నిన్నటిదా, పెళ్ళికి ముందుదా, భర్తలో ఉండి బయటపడనిదా, భార్యలో ఉండి బయటపడనిదా అన్నది ఏ పరీక్షా తేల్చి చెప్పలేదు. దాన్ని సాక్ష్యంగా పట్టుకుని కాపురం మీద తీర్పు చెప్పేవాళ్ళు జబ్బు గురించి తెలియక మాట్లాడుతున్నారని నేను గట్టిగా అంటాను.

‘ఎప్పుడు’ అన్నదానికి ఉన్న విలువ చూడండి. పొక్కులో నీరు ఉండగా ఆ నీటిని దూదిపుల్లతో తీసి, వైరస్ జాడ పట్టే పి.సి.ఆర్. పరీక్షకి పంపితే హెర్పిస్ అవునో కాదో, ఏ రకమో తెలుస్తుంది. చిన్న గాజు పలక మీద రాసి మైక్రోస్కోపులో చూసే పాత పరీక్ష కూడా అప్పుడే పనికొస్తుంది. పైన పెచ్చు కట్టాక ఆ అవకాశం చేజారుతుంది. మందు కూడా మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పని చేస్తుంది. అసైక్లోవిర్ అనే ఆ మాత్ర కొత్తదేమీ కాదు, 1980లలోనే వాడకంలోకి వచ్చింది. దాని వెనకున్న పరిశోధనలో ముఖ్యురాలైన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అది వైరస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తీసెయ్యదు. కానీ పుండ్లు త్వరగా మానేలా చేస్తుంది, మాటిమాటికీ తిరగబెట్టేవాళ్ళు డాక్టరు చెప్పినట్టు రోజూ వాడితే తిరగబెట్టడం, అంటడం రెండూ తగ్గుతాయి. రక్తపరీక్షకి కూడా కాలమే ముఖ్యం. జబ్బుని ఎదిరించడానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలనే ఆ పరీక్ష వెతుకుతుంది, అవి తయారవ్వడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. నిన్న పొక్కు లేస్తే ఇవాళ ల్యాబులో డబ్బు కట్టి చేయించుకున్న పరీక్ష లేదని చెప్పినా నమ్మడానికి లేదు. ఐ.జి.ఎమ్. అనే ఒక రకం యాంటీబాడీ పేరు రాసి ఇచ్చే కాగితమైతే ఎటూ నమ్మదగ్గది కాదు. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో గొడవ పడినవాళ్ళు మా షాపు ముందే కనిపించారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆలస్యం వల్ల అన్నిటికన్నా మోసం చేసేది సిఫిలిస్, మన పెద్దవాళ్ళు సవాయి అనేవాళ్ళు. దాని మొదటి పుండు నొప్పి పెట్టదు, అంచులు గట్టిగా ఉంటాయి, 3 నుంచి 6 వారాల్లో తనంతట తనే మానుతుంది. ఈలోపు షాపులో కొన్న ట్యూబు రాసి ఉంటారు కాబట్టి ట్యూబు వల్లే తగ్గిందనుకుంటారు. జబ్బు మాత్రం రక్తంలోకి వెళ్ళి తర్వాత ఎప్పుడో ఒళ్ళంతా మచ్చలుగా, ఇంకా ఆలస్యమైతే నరాల్లో, గుండెలో తేలుతుంది. గర్భిణికి ఉంటే కడుపులో బిడ్డకి చేరుతుంది. తొలి దశలో దీనికి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలు. నయమయ్యే జబ్బుని సిగ్గు కొద్దీ లోపల దాచుకోవడం కన్నా బాధాకరం ఇంకేముంటుంది?

ఆ ట్యూబుల గురించి కూడా. దురదకీ, గజ్జికీ, తామరకీ, పొక్కులకీ అన్నిటికీ ఒకటే అని అడిగి తీసుకెళ్ళే ఆ మూడు మందుల కలగలుపు ట్యూబుల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన పూట హాయిగా ఉంటుంది. వైరస్ ఉన్న చోట, తామర ఉన్న చోట అది జబ్బుకి బలం పోస్తుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, డాక్టరు చూసేసరికి అసలు రూపు గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని 2018లో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయని అందరికీ తెలుసు. మేం ఇవ్వం. ఇవ్వనందుకు వెనుదిరిగి పక్క షాపుకి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, గుబులుగా ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పకపోతే ఈ రాత సగమే. మగవాడికి కనిపిస్తుంది, ఆడదానికి తడుముకుంటేనే తెలుస్తుంది. ఒంటేలు మంట అంటే బార్లీ నీళ్ళు తాగమంటారు, అక్కడ తడి అంటే తెల్లబట్ట అని సర్దుకోమంటారు. లోపలి పొక్కుల వల్ల వచ్చిన మంటని మూత్రంలో చీము అనుకుని యాంటీబయోటిక్ మింగినవాళ్ళున్నారు. ఆమె డాక్టరు దగ్గరకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు తోడు రావాలి, ఎందుకో చెప్పాలి. ‘ఎవరి నుంచి’ అన్న ప్రశ్న ఇంట్లో మగవాడికి వినపడేదాని కన్నా ఆమెకి పది రెట్లు గట్టిగా వినపడుతుంది. 1986లో మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదటిసారి గుర్తించిన రక్తం చెన్నైలో లైంగిక వృత్తిలో ఉన్న ఆడవాళ్ళ నుంచి తీసింది, దాన్ని పరీక్షించింది మన చిత్తూరుకి పక్కనే ఉన్న వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో. ఆ పరీక్ష చెప్పింది ఒక వైరస్ మన మధ్యకి వచ్చిందని. జనం విన్నది మాత్రం అది ఏ ఆడవాళ్ళ రక్తమన్నది. ఆ వినికిడి ఇప్పటికీ మారలేదు.

గర్భిణి అయితే ఈ దాపరికం ఖరీదు బిడ్డ కడుతుంది. నెలలు నిండే సమయంలో మొదటిసారి హెర్పిస్ సోకితే కాన్పులో బిడ్డకి చేరే ప్రమాదం ఎక్కువ, చేరితే ప్రాణాల మీదకి వస్తుంది. ఎప్పటి నుంచో ఉన్నదే మళ్ళీ లేస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. నొప్పులు మొదలైనప్పుడు పుండ్లు ఉంటే సిజేరియన్ చేస్తారు. అంటే డాక్టరమ్మకి కావలసింది ఇది ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు వచ్చిందా, భర్తకి ఎప్పుడైనా పెదవి మీదో కిందో పొక్కులు లేచాయా అన్న సంగతులే. కాన్పుకి వచ్చే అమ్మాయి ఈ మాట దాచకుండా చెప్పేలా అత్తగారో అమ్మో పక్కన నిలబడితే చాలు.

‘ఎవరు’ అన్న ప్రశ్న పూర్తిగా వద్దని నేను అనడం లేదు. సిఫిలిస్ లాంటివి తేలితే భాగస్వామికి కూడా పరీక్ష చేసి మందు ఇవ్వాలి, లేకపోతే ఇద్దరి మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది. అది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు, ఇంకా ఎవరికి మందు అందాలో తెలుసుకోవడానికి. ఇక పసిపిల్లల మర్మస్థానంలో పొక్కులో పుండ్లో కనిపిస్తే అక్కడ ఆ ప్రశ్న అడిగి తీరాలి. పిల్లలకి మొలస్కం మామూలుగా ఆటల్లోనే అంటుతుంది, చాలావరకు భయపడాల్సింది ఉండదు. కానీ అది మొలస్కమేనని చెప్పాల్సింది డాక్టరు. ఎవరైనా పాడుపని చేశారన్న అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి, పరువు పేరుతో ఇంట్లోనే పూడ్చిపెట్టకూడదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది చాలామందికి తెలియదు, అందుకే గోడల మీద రాతలు చూసి వెళ్తారు. బస్టాండు మూత్రశాలల్లో, లాడ్జీల సందుల్లో గుప్త రోగాలకి గ్యారంటీ చికిత్స అని ఫోన్ నంబర్లు అంటించి ఉంటాయి. సుఖ వ్యాధులు నయం చేస్తామని ఇలా ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. వెళ్ళాల్సింది చర్మ డాక్టరు దగ్గరకి. మన దేశంలో చర్మ వ్యాధులు, సుఖ వ్యాధులు, కుష్ఠు మూడూ కలిపి ఒకే చదువు. కాబట్టి ‘చర్మ డాక్టరు దగ్గరకి వెళ్తున్నా’ అంటే చాలు, ఇంట్లో అంతకన్నా వివరం చెప్పనక్కర్లేదు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖ వ్యాధులకి వేరే గది ఉంటుంది, మందులు ఉచితం. అక్కడ జబ్బు తీరుని బట్టి రంగు పెట్టెల్లో మందులు ఇస్తారు, హెర్పిస్ లాంటి పుండ్లకి ఎర్ర పెట్టె, మిగతా పుండ్లకి తెల్ల పెట్టె. హెచ్.ఐ.వి., సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా డబ్బు లేకుండా చేస్తారు. చేయించుకోవడం మంచిది, ఎందుకంటే రెండో రకం హెర్పిస్ ఉన్నవాళ్ళకి హెచ్.ఐ.వి. సోకే అవకాశం దాదాపు మూడు రెట్లు. ముఖం చూపించడానికి ఇంకా సిగ్గయితే ముందు ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి మాట్లాడవచ్చు, దానికి డబ్బు పడదు.

వెళ్ళే ముందు పసుపు, సున్నం, డెట్టాలు ఏదీ రాయకండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, వదులుగా నూలు బట్ట కట్టుకోండి. పొక్కుని గిల్లకండి. తగ్గేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండండి. ఒంటేలు పూర్తిగా ఆగిపోయినా, జ్వరంతో తలనొప్పి, మెడ పట్టేయడం ఉన్నా, నిండు గర్భిణి అయినా మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పొక్కు లేచిన తేదీ, వెనక రెండు వారాల్లో వేసుకున్న మాత్రల పేర్లు, ఇంతకుముందు అదే చోట వచ్చిందా అన్నది ఒక చీటీ మీద రాసుకెళ్ళండి. నోరు పెగలకపోతే ఆ చీటీ డాక్టరు చేతికిస్తే సరిపోతుంది. మా షాపుకి వచ్చిన ఆడవాళ్ళకి అలాంటి చీటీ నేనే రాసిచ్చి పంపుతుంటాను.